పంపితే సరిపోదు, అందాలి

2021 అక్టోబరు 4, సోమవారం రాత్రి. గల్ఫ్ క్యాంపుల్లో మనవాళ్లు డ్యూటీ దిగి వంటలు చేసుకుంటున్న వేళ వాట్సాప్ ఆగిపోయింది. దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతా అదే పరిస్థితి. సిమ్ తీసి మళ్లీ వేసినవాళ్లున్నారు, బ్యాలెన్స్ అయిపోయిందనుకుని రీఛార్జి చేయించినవాళ్లున్నారు. కానీ లోపం మన ఫోన్లలో లేదు.

ఇంటర్నెట్ అంటే ఒకే తీగ కాదు. వేలాది సంస్థల నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి కలిస్తే అది ఇంటర్నెట్. వాటి పొలిమేరల్లో ఉండే రూటర్లు 'ఫలానా చిరునామాలకు నా వైపు నుంచి దారి ఉంది' అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఈ పద్ధతినే బీజీపీ అంటారు. ఆ రోజు ఫేస్‌బుక్ సంస్థలో మెయింటెనెన్సు పని చేస్తూ ఇచ్చిన ఒక కమాండు వల్ల డేటా సెంటర్లను కలిపే సొంత లైన్లన్నీ పడిపోయాయి. దాన్ని ఆపాల్సిన తనిఖీ ప్రోగ్రాములోనూ లోపం ఉండడంతో అది ఆపలేదు. డేటా సెంటర్లతో సంబంధం తెగేసరికి, చిరునామాలు చెప్పే సర్వర్లు తమకున్న దారుల ప్రకటనను వెనక్కి తీసుకున్నాయి. సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి. వాటి దగ్గరకు దారే ఎవరికీ తెలియదు. బాగుచేసే పనిముట్లు కూడా అదే నెట్‌వర్కు మీద ఉండడంతో ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది.

బీజీపీకి ఒక గుణం ఉంది. రెండు రూటర్లు కలిసినప్పుడు దారులన్నీ ఒకసారి చెప్పుకుంటాయి. ఆ తర్వాత మార్పు ఉంటేనే కబురు పంపుతాయి. మధ్యలో 'నేనున్నాను' అన్న చిన్న పలకరింపు మాత్రమే. పలకరింపు అందుతోంది కాబట్టి అంతా బాగున్నట్లే కనిపిస్తుంది. అయితే మన వైపు ఫిల్టరులో తప్పుంటే వచ్చిన కబురును మన రూటరే పారేస్తుంది. ఫిల్టరు సరిచేసినంత మాత్రాన పోయిన కబురు దానంతటది తిరిగి రాదు. 'మళ్లీ చెప్పు' అని అడగాలి. అలా అడిగే ఏర్పాటు 2000లో ప్రమాణాల్లో చేరింది.

అందుకే అనుభవమున్నవాడు ముందే లింకు తెంచడు. తెంచితే బాగున్న దారులు కూడా పోతాయి. పలకరింపు ఉందా, అవతలివాడు పంపాడా, మనకు చేరిందా, చేరినదాన్ని మనమే కాదన్నామా అని వరుసగా చూస్తాడు.

సైటులో పని చేయించేవాళ్లకు ఇది కొత్త కాదు. మారిన డ్రాయింగు ఫోర్‌మన్ చేతికి రాదు, పాతదాని ప్రకారం కాంక్రీటు పోసేస్తారు. ఆఫీసువాళ్లు 'పంపాం' అంటారు, సైటువాళ్లు 'రాలేదు' అంటారు. ఇద్దరి మాటా నిజమే. పంపడం వేరు, అందడం వేరు.

2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్లు తెగినప్పుడు యూఏఈలోనూ, భారత్‌లోనూ నెట్ మందగించింది కానీ పూర్తిగా ఆగిపోలేదు. ఇంకో దారి ఉండబట్టే ఆగలేదు. మరి మన ఇంటికీ మనకీ మధ్య ఇంకో దారి ఉందా? 2021లో ఆ రాత్రి మామూలు ఫోన్ కాల్ పనిచేస్తూనే ఉంది. అయినా భార్య నంబరు నోటికి వచ్చినవాళ్లు మనలో ఎంతమంది? ఆ ఆరు గంటల్లోనే ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చి ఉంటే?

పని పెద్దదేం కాదు. ఇంటి నంబరు, పక్కింటివాళ్ల నంబరు, క్యాంప్ బాస్ నంబరు, మన ఎంబసీ నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. అదే కాగితం ఇంట్లోనూ గోడకు అంటించమనండి. పాస్‌పోర్టు, వీసా కాపీలు ఫోన్లోనే కాకుండా పెట్టెలోనూ ఉంచండి. మామూలు కాల్‌కు సరిపడా బ్యాలెన్స్ ఎప్పుడూ ఉంచుకోండి. ఒక రోజంతా కబురు లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

కబురు రాలేదంటే అంతా క్షేమమేనని అనుకోకండి. రూటరైనా, సైటైనా, సంసారమైనా... అందిందా అని అడిగి తెలుసుకోవాల్సిందే.