పువ్వుని తిప్పి చూడండి

జులై, ఆగస్టు వచ్చిందంటే మనవాళ్ల వాట్సాప్ స్టేటస్‌ల నిండా ఉత్తరాఖండ్ ఫోటోలే. గోవింద్‌ఘాట్ నుంచి ఘాంఘరియా, అక్కడి నుంచి వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్. ఆ ఆల్బమ్‌లో ఊదారంగు రేకులు, మధ్యలో పసుపు బొట్టు ఉన్న పువ్వు ఒకటి తప్పకుండా ఉంటుంది. దాని కింద ‘హిమాలయన్ ఆస్టర్’ అని రాసుంటుంది. ఎవరు చెప్పారని అడిగితే, ఫోన్ చెప్పింది అంటారు.

ఫోటో బాగానే ఉంటుంది. నా పేచీ అంతా ఆ పేరుతోనే. హిమాలయాల్లో అవే ఎత్తుల్లో, అదే రంగులో ఎరిజెరాన్ అనే ఇంకో పువ్వు కూడా పూస్తుంది. పైనుంచి తీసిన ఫోటోలో ఈ రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. వాటిని విడదీసే గుర్తులు చాలావరకు పువ్వు వెనకాల ఉంటాయి. మనమేమో ముందువైపు మాత్రమే ఫోటో తీసుకొస్తాం.

చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, ఇవన్నీ ఒకే కుటుంబం. ఈ కుటుంబంలో మనం ‘ఒక పువ్వు’ అనుకునేది నిజానికి చిన్న చిన్న పూల గుత్తి. మధ్యలోని పసుపు బొట్టు నిండా బుల్లి పూలే. చుట్టూ రేకులా కనిపించే ప్రతిదీ ఒక పువ్వే. ఈ గుత్తిని కింద నుంచి దొప్పలా పట్టుకుని కొన్ని ఆకుపచ్చ పొరలు ఉంటాయి. బైపీసీ వాళ్లు వాటిని పుచ్ఛాలు అంటారు. గుర్తుపట్టడంలో సగం పని ఈ పొరల దగ్గరే ఉంది.

ఎరిజెరాన్ మల్టీరేడియేటస్‌నే తీసుకోండి. పేరులోనే ‘చాలా కిరణాలు’ అని ఉంది. రేకులు దారాల్లా సన్నగా, లెక్కపెట్టలేనన్ని, ఒకటి కంటే ఎక్కువ వరసల్లో ఉంటాయి. తిప్పి చూస్తే కింది పొరలు కూడా సన్నగా, దాదాపు ఒకే పొడవులో కనిపిస్తాయి. ఆస్టర్‌లో రేకులు కాస్త వెడల్పు, సంఖ్య తక్కువ. హిమాలయాల్లోని చాలా ఆస్టర్లకి కింది పొరలు వెడల్పుగా, చిన్న ఆకుల్లా ఉంటాయి. ఇది ప్రతిసారీ పనిచేసే ఫార్ములా ఏమీ కాదు, మినహాయింపులు ఉన్నాయి. కానీ వెనక్కి చూడకుండా చెప్పిన పేరు కంటే చూసి చెప్పిన పేరు నయం.

పసుపు పూల దగ్గరికి వస్తే ఇంకా కష్టం. ఈ కుటుంబంలో పసుపు పూలు ఎంత ఎక్కువంటే, ఇంగ్లిష్ మాట్లాడే వృక్షశాస్త్రజ్ఞులు వాటిని ‘దిక్కుమాలిన పసుపు కాంపోజిట్లు’ అని సరదాగా తిట్టుకుంటారు. ఇక్కడ పొరపాటు పడితే పోయేది పరువొక్కటే కాదు. ఇనులా రేసిమోసా వేరునే ఆయుర్వేదంలో పుష్కరమూలం అంటారు. సెనేసియో జాతి మొక్కల్లో కాలేయాన్ని దెబ్బతీసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి. రెండిటికీ పసుపు పూలే. సెనేసియో పువ్వు కింద ప్రధానమైన పొరలు ఒకే వరసలో, కంచె కట్టినట్టు నిలబడతాయి. ఇనులాలో అవి చాలా వరసల్లో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఈ తేడా కూడా వెనకవైపే. ఫోన్ చెప్పిన పేరు నమ్మి ఏ కొండమొక్కనీ నోట్లో పెట్టుకోకూడదు అనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

‘యాప్‌లు రోజురోజుకీ మెరుగవుతున్నాయి కదా’ అనే మాట మన క్లాసుల్లో తప్పకుండా వస్తుంది. మెరుగవుతున్నాయి, ఒప్పుకుంటాను. మొదటి అంచనాకి నేనూ వాటినే వాడతాను. కానీ ఇంజనీరింగ్ చదివేవాళ్లకి నేను గుర్తుచేయాలా? ఇన్‌పుట్‌లో లేని సమాచారాన్ని ఏ మోడలూ పుట్టించలేదు. వెనకవైపు ఫోటోలో లేనప్పుడు అది చెప్పేది ఊహే.

ఆ ఊహ అక్కడితో ఆగదు కూడా. ఐనాచురలిస్ట్‌లో కనీసం ఇద్దరు ఉండి, చూసినవాళ్లలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి పేరుకి ఒప్పుకుంటే ఆ ఫోటో ‘రీసెర్చ్ గ్రేడ్’ కావచ్చు. యాప్ సూచించిన పేరు మీరు పెట్టేసి, మీ రూమ్మేట్ స్నేహం కొద్దీ ‘అగ్రీ’ నొక్కితే సరిపోతుంది. అలాంటి ఫోటోలనే పరిశోధకులు తీసుకుంటారు, మోడల్‌కి మళ్లీ శిక్షణ ఇచ్చేటప్పుడు వాటినీ వాడతారు. కొండ మీద ఏ మొక్క ఎంత ఎత్తులో పెరుగుతోందో రేపు ఎవరైనా లెక్కగడితే, అందులో మన నిర్లక్ష్యం కూడా కలుస్తుంది.

అలాగని ప్రతి వాడుక పేరునీ పట్టుకుని పోట్లాడమని నేను అనను. మన ఇళ్లలో రాత్రిపూట పూసే బ్రహ్మకమలం నిజానికి అమెరికా ఖండాల నుంచి వచ్చిన కాక్టస్. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పమైన బ్రహ్మకమలం చామంతి కుటుంబంలోని సాసూరియా. అందులో రేకులనుకునే ఆ లేత పొరలు కూడా పుచ్ఛాలే. పూసిన రాత్రి అమ్మమ్మ చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచి ‘బ్రహ్మకమలం’ చూపిస్తే ఎవరికీ నష్టం లేదు. కాక్టస్ ఫోటో పెట్టి ‘హిమాలయాల్లో మాత్రమే పూసే పువ్వు’ అని రాస్తేనే తప్పు.

నేను అడిగేది చిన్న పని. వంకాయ కొనేటప్పుడు కూడా పుచ్చు ఉందేమోనని తిప్పి చూస్తాం కదా, పువ్వుకీ ఆపాటి మర్యాద ఇద్దాం. కోయక్కర్లేదు, నేషనల్ పార్కులో కోయకూడదు కూడా. ఫోన్‌ని కిందకి దించి మూడు ఫోటోలు తీయండి: పైనుంచి ఒకటి, పక్కనుంచి పొరలు కనిపించేలా ఒకటి, కాండం మీద ఆకులు ఎలా ఉన్నాయో ఒకటి. అప్పటికీ తేలకపోతే ‘చామంతి కుటుంబం’ అని రాసి ఆపేయండి. అది ఓటమి కాదు, తెలిసినంత వరకే చెప్పడం.

దీనికి హిమాలయాల దాకా వెళ్లక్కర్లేదు. మన హాస్టల్ దారి పక్కన గడ్డిచామంతి ఉంది, దాని కొద్దిపాటి తెల్ల రేకుల అంచులకి మూడేసి నొక్కులు ఉంటాయి. ఆ పక్కనే వయ్యారిభామ ఉంటుంది. దాన్ని మాత్రం ముట్టుకోకుండా చూడండి, చర్మానికి పడదు. ఈ రెండిటినీ వంగి చూడటం అలవాటైతే, వచ్చే ఆగస్టులో లోయలో ఎక్కడ చూడాలో మీ కంటికే తెలుస్తుంది.