శివారు గ్రామములకు రేడియో వలదా?

రేడియోకు కాలము చెల్లినదట! ఈ మాట నేడు చదువుకొన్నవారి నోట తరచుగా వినవచ్చుచున్నది. చేతిలో ఫోనుండగా పెట్టె యెందుకని వారి ప్రశ్న. బందరులో నొక వివాహమున నా ప్రక్కన భోజనమునకు గూర్చున్న పెద్దమనిషి యొకరు, విజయవాడ కేంద్రమును మూసివేసిన ప్రభుత్వమునకు వ్యయము తగ్గునే గాని యొక్క ప్రాణికిని లోటు కలుగదని నిశ్చయముగా పలికిరి. విస్తరిముందు వాదము పెట్టుకొనుట మర్యాద కాదని నాడు మిన్నకుంటిని. ఆ బాకీ నిచ్చట తీర్చుకొనుచున్నాను.

విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన పుట్టినది. అంతకు ముందు మన ప్రాంతమువారు 1938లో నారంభమైన మదరాసు కేంద్రమున అరవముతో కాలము పంచుకొని మాటాడవలసివచ్చెడిది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు, ఓలేటి వెంకటేశ్వర్లుగారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పనిచేసిన కేంద్రమిది. ఉషశ్రీగారు పురాణము చెప్పుచుండగా సభకు పోవీలులేని గృహిణి పొయ్యి దగ్గర కూరలు తరుగుచునే వినెను; అక్షరమురాని ముసలమ్మ మంచముమీదనుండి వినెను; చూపులేనివాడును అందరితో సమానముగా వినెను. కంటిని కట్టివేయక, చేతిపనిని చెడగొట్టక చదువు చెప్పు సాధనమిది. స్త్రీవిద్యనుగూర్చి ఉపన్యసించు మనము ఈ సంగతి నింత తేలికగా మరచుట వింతగానున్నది.

అయినను నా వాదమునకు సంగీత పురాణములు ప్రధానములు కావు. అవి ఫోనునందును దొరకును. ఫోనునందు దొరకని దొకటి కలదు.

మధ్యతరంగము నేలను బట్టుకొని పోవును. ఉప్పునీరును, తడినేలయు దానికి రాచబాటలు. ఎండిన రాతినేల దానిని మ్రింగివేయును. దివిసీమవంటి తడినేలయు, దాని చెంత సముద్రమును గలచోట అది నిరాటంకముగా సాగును. విజయవాడ మధ్యతరంగ ప్రసారిణి శక్తి నూరు కిలోవాట్లు. ఎఫ్.ఎం. తరంగమన్ననో, ఇంచుమించు చూపుమేర పోవునట్టిది. స్తంభపు టెత్తును బట్టియు, శక్తిని బట్టియు దాని హద్దు. ధ్వని స్వచ్ఛతలో నది మేలన్నమాట నిజమే. పాట వినుటకు నేనును దానినే కోరుదును. కాని 2023 ఏప్రిల్ 28వ తేదీన దేశమున నొక్కసారిగా ఆరంభించిన 91 ఎఫ్.ఎం. ప్రసారిణులు ఒక్కొక్కటి నూరు వాట్లవి. విజయవాడ శక్తిలో వేయింట నొకవంతు! అట్టిది గుడివాడకు చాలును. నాగాయలంకనుండి వేటకుపోయిన పడవకు చాలునా?

అదే సంవత్సరము జనవరిలో కేంద్ర మంత్రివర్గ మంగీకరించిన పథకము ఆకాశవాణి ఎఫ్.ఎం. ప్రసారమును జనాభాలో నూటికి 68 మందినుండి 80 మందికిని, దేశవైశాల్యమున నూటికి 59 పాళ్లనుండి 66 పాళ్లకును చేర్చెదమని చెప్పెను. సంతోషమే. మిగిలిన యిరువదిమంది యెవరు? కాలువనీటి పంపకము నెరిగిన డెల్టావాసికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. లెక్కలలో ఆయకట్టంతయు తడియును; శివారు చేనుమాత్రము బీటలువారును.

ఇక తుపానుల మాట. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము పొంగి బందరు ప్రాంతమున ముప్పదివేలమంది నశించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచగా మృతులు పదివేలకు తక్కువ కారని ప్రభుత్వపు లెక్కయే చెప్పెను. ఇచ్చట ప్రతివాది యడ్డుపడవచ్చును: "1977లో విజయవాడ కేంద్రముండెను గదా! అది యేమి కాపాడెను?" ఈ ప్రశ్న న్యాయమైనదే, దాటవేయరాదు. ప్రసారిణి యొకచోట నున్నంతమాత్రమున హెచ్చరిక గుడిసెకు చేరదు. గుడిసెలో సెట్టుండవలెను, ఆ సెట్టును దినదినము విను నలవాటుండవలెను, పలుకు కంఠము పరిచితమైనదై, కోడూరెక్కడనో, హంసలదీవి యెక్కడనో ఎరిగినదై యుండవలెను. తరువాత నిలువనీడ నిచ్చు కట్టడముండవలెను. వీనిలో కట్టడములను తరువాత కొంత కట్టుకొంటిమి. మిగిలినవానిని పెంచుటకు మారు, ఉన్న కంఠమునే నులిమెదమనుట యే తర్కము?

ఫోను చాలునందురా? 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును కొట్టినపుడు అంతటి నగరమునను ఫోనులు మూగవోయెను. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటిన పిమ్మట, బడి తెరచినదినమున దివిసీమనుండి వచ్చు నొక బాలుడు నాతో ననెను: "మాస్టారండీ, కరెంటు పోయిందండీ, ఫోను ఆరిపోయిందండీ. మా తాత రేడియో మాత్రం రెండు సెల్లులతో తెల్లారేదాకా పలికిందండీ." వాని తరగతిలో నలువదిరువురు బాలబాలికలు. ఇంట రేడియో కలవారు చేతులెత్తుడనగా మూడు చేతులు లేచినవి.

ఈ తరుగుదలకు ప్రజల యభిరుచినే నిందించుట సులభము. 2019 జనవరిలో వ్యయము తగ్గించు నెపమున ఆకాశవాణి జాతీయ ప్రసారమును, హైదరాబాదునందలి శిక్షణాలయముతో గూడ ఐదు శిక్షణాలయములను మూసివేసిరి. శిక్షణ మానిపించి, పిమ్మట కార్యక్రమములు చప్పగానున్నవనుట, ఎరువు వేయక చేనును తిట్టుట వంటిది. అట్లని రేడియోవారు నిర్దోషులని నేననను. ఢిల్లీ మాటలను తిరిగి వినిపించుటకు వెచ్చించు కాలములో నొక పాలు పులిగడ్డ అక్విడక్టుమీదుగా దివిసీమకు నీరెన్నడు విడుతురో, రొయ్యల చెరువులకే తెగులు సోకినదో చెప్పుటకు వెచ్చించిన ఎంత బాగుండును!

ప్రైవేటువారు పూనుకొందురన్న యాశయు పెట్టుకొనవచ్చును. 2024 ఆగస్టులో 234 క్రొత్త పట్టణములందు 730 ఎఫ్.ఎం. మార్గములను వేలము వేయుటకు మంత్రివర్గ మంగీకరించెను. వేలమున పాడినవాడు పాటకు పెట్టిన సొమ్ము రాబట్టుకొనక మానడు. కనుక ప్రకటనలున్న పట్టణమునే చూచును, లంకను చూడడు. పైగా ఆ కేంద్రములు సొంత వార్తలు చెప్పరాదని నియమము. ఆకాశవాణి వార్తలనే తిరిగి వినిపింపవలెను. ఆకాశతరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. సొత్తు ప్రజలది, నోరుమాత్రము ప్రజలది కాదా?

జహీరాబాదు చెంత మాచనూరులో దళిత స్త్రీలు 2008 అక్టోబరు 15వ తేదీనుండి తమ సంగం రేడియోను తామే నడపజొచ్చిరి. విత్తనములనుగూర్చి, వైద్యమునుగూర్చి తమ యాసలోనే మాటాడుకొనిరి. 1902లోనే కృష్ణాపత్రికను పుట్టించి, ముట్నూరి కృష్ణారావుగారి లేఖినితో ఆంధ్రదేశమును మేల్కొల్పిన బందరు, 1910లో జాతీయకళాశాలను నిలిపిన బందరు, ఈ విషయమున మాచనూరి స్త్రీలకంటె వెనుకబడుట నాకు సిగ్గుగానున్నది. చందాలు వేసికొని గుడిమీద నాలుగు లౌడుస్పీకర్లు కట్టగల మనకు ఒక చిన్న ప్రసారిణికి సొమ్ము చాలదనుట నమ్మదగినది కాదు.

కావున విజయవాడ మధ్యతరంగమును తీరమునకు రక్షణసాధనముగా నెంచి నిలుపవలెను. ఎఫ్.ఎం. దానికి తోడుగా రావలెనే గాని బదులుగా రారాదు. బందరుననో అవనిగడ్డననో ఊరివారు నడపు కేంద్రమొకటి పుట్టవలెను; స్థానికవార్తలు చెప్పుటకు దానికి హక్కుండవలెను. ఇవి దొరతనమువారిని అడుగవలసినవి. మనయింట మనము చేయవలసినది సెట్టొకటి కొని, దినమునకు గడియసేపైనను వినుట.

మా పాఠశాల వరండాలో నొకదానిని పెట్టుటకు ప్రధానోపాధ్యాయు లంగీకరించిరి. దానికొరకు గుడివాడ అంగళ్లలో రెండు సాయంకాలములు తిరిగితిని. మధ్యతరంగము పట్టు సెట్టు దొరకలేదు. విజయవాడనుండి తెప్పించితిమి.