శంఖానికి పేరు ఎవరు పెట్టాలి?

ఆడికృత్తికకు తిరుత్తణి వెళ్ళినా, అమావాస్య స్నానానికి తిరువళ్ళూరు వెళ్ళినా, మన ఆడవారు గుడివీధి అంగళ్ళ ముందు ఆగక మానరు. అట్లా ఆగిన సోదరి ఒకరు చీటీపాట డబ్బంతా పోసి దక్షిణావర్త శంఖం కొన్నారు. "అసలుదేనా?" అని మాకు తెచ్చి చూపినారు.

తోకకొసను పైకి పట్టి చూస్తే మామూలు శంఖానికి నోరు ఎడమప్రక్క ఉంటుంది. ఏ అరుదైన దానికో కుడిప్రక్క ఉంటుంది. ఆ అరుదుకే ఆ వెల. సోదరి తెచ్చినదానికీ నోరు కుడిప్రక్కనే ఉన్నది. కాని లోపల వ్రేలు పెట్టి తడిమితే నడిమికాడ నున్నగా తగిలింది. మన సముద్రపు శంఖానికి అక్కడ మూడు నాలుగు గట్టి మడతలు ఉంటాయి. ఇది అమెరికా తీరపు లైట్నింగ్ వెల్క్ అనే నత్త గుల్ల. ఆ జాతి అంతా అటే చుట్టుకొంటుంది. టెక్సాస్ రాష్ట్రం 1987లో దానిని తన రాష్ట్రపు గుల్లగా ఎంచుకొన్నది కూడా. మన శంఖంతో పోలిస్తే దాని కుటుంబమే వేరు.

అన్నిసార్లూ గుల్ల ఇంత సులభంగా గుట్టు చెప్పదు. గుల్ల ఇల్లు మాత్రమే. ఇల్లు చూచి ఇంటివారి గోత్రం చెప్పగలమా? అందుకే శాస్త్రజ్ఞులు లోపలి ప్రాణిని పరీక్షిస్తారు. నత్త నోట రాడ్యులా అనే పట్టీ ఉంటుంది. దానిమీద కొబ్బరికోరు పళ్ళవంటి సన్నని పళ్ళు వరుసలు తీరి ఉంటాయి. శంఖానికి వరుసకు మూడు పళ్ళు. మన జిల్లాలోని పులికాటు బురదలో ప్రాకే కొనదేలిన చిన్న నత్తకు ఏడు.

ఈ చిన్న నత్తకు 1791లో గ్మెలిన్ పండితుడు సింగులాటా అని పేరు పెట్టినాడు. పర్షియన్ గల్ఫ్ నత్తనూ చాలాకాలం ఆ పేరుతోనే పిలిచినారు. రీడ్, ఒజావా అనే శాస్త్రజ్ఞులు ఈ వంశాన్ని గుల్లలతోపాటు జన్యువులనూ పోల్చి పరిశీలించినారు. గల్ఫ్ నత్త వేరే జాతి అని తేలి, 2016లో దానికి అరబికా అని పేరు వచ్చింది.

పేరు మారితే మనకేమి అంటారా? బడిలో ఇద్దరు పిల్లలకు ఒకే పేరున హాజరు వేస్తే, ఒకరు కనబడకపోయినా పంతులుగారికి తెలియదు. రెండు జాతులను ఒకటిగా లెక్కిస్తే, ఒకటి నశించినా పుస్తకంలో పేరు నిలిచే ఉంటుంది.

సోదరి చిన్నబోయి, "దీనిని పూజలో పెట్టవచ్చునా?" అని అడిగినారు. పెట్టుకోండమ్మా. భక్తికి వంశవృక్షం అక్కరలేదు, వెలకే కావాలి. ఈసారి మాత్రం డబ్బు ఇచ్చేముందు లోపల వ్రేలు పెట్టి చూడండి.