డబ్బు కట్టందే ఉద్యోగం రాదని నేర్పిందెవరు?

ఈ వారం నాకు ఒళ్లు మండింది మోసగాళ్ల మీద కన్నా, మోసపోయినవాళ్లను చూసి నవ్వుతున్నవాళ్ల మీద. "బీటెక్ చదివి టెలిగ్రామ్‌లో డబ్బులు తగలేశాడట" అని లిఫ్టులో జోకులు. టీవీ చర్చకొచ్చిన పెద్దమనిషి 'అత్యాశ' అని ఒక్కముక్కలో తేల్చేసి కాఫీ అందుకుంటాడు. ఆ మధ్య ఎవరికి ఫోన్ చేసినా అమితాబ్ గొంతు అడ్డొచ్చి సైబర్ మోసాల జాగ్రత్తలు చెప్పింది కదా, వినకపోవడం వాళ్ల ఖర్మ అని మన తీర్పు.

అసలు ఈ 'టాస్క్' మోసం ఎలా నడుస్తుందో ఈ నవ్వేవాళ్లలో ఎంతమందికి తెలుసు? ముందు వాట్సాప్‌లో హెచ్‌ఆర్‌నంటూ ఓ మెసేజ్. ఇంట్లో కూర్చుని యూట్యూబ్ వీడియోలకు లైక్ కొట్టాలి, గూగుల్ మ్యాప్స్‌లో హోటళ్లకు రేటింగ్ ఇవ్వాలి. ఇస్తే నూటయాభయ్యో రెండొందలో నిజంగానే ఖాతాలో పడతాయి. పని చేశాడు, కూలి వచ్చింది. ఇందులో అత్యాశ ఏముంది? తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. వెయ్యి కడితే పదమూడొందలు వస్తాయంటారు, వస్తాయి కూడా. మాకింత వచ్చింది, మాకంత వచ్చిందని అందులో స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లంతా ముఠా మనుషులే. ఆపైన అయిదు వేలు, ఆపైన యాభై వేలు. వాళ్ల వెబ్‌సైట్‌లో మన పేరున లక్షలు కనిపిస్తుంటాయి. తీసుకుందామంటే క్రెడిట్ స్కోరు తగ్గిందంటారు, ముందు ట్యాక్స్ కట్టమంటారు. అప్పటికి కుర్రాడి ధ్యాసంతా ఇరుక్కుపోయిన అసలు మీదే. అమ్మ గొలుసు తాకట్టుకు వెళ్లేది ఆ రోజే.

పేరున్న కంపెనీల ఆఫర్ లెటర్లతో జరిగే మోసం ఇంకాస్త పాతది. జీమెయిల్ నుంచి ఉత్తరం, చాట్‌లోనే ఇంటర్వ్యూ, ల్యాప్‌టాప్‌కు డిపాజిట్. జీతం ఇవ్వాల్సినవాడు మనల్నే డబ్బడిగితే ఆ క్షణమే నంబరు బ్లాక్ చెయ్యాలి. గుర్తుపట్టడానికి ఇది చాలు.

చాలు గానీ, మన పిల్లల దగ్గర ఈ సూత్రం చెల్లదు. పైసా కట్టకుండా ఉద్యోగం వస్తుందని వాళ్లకు చూపించినవాళ్లెవరు? రైల్వే పరీక్షకు జనరల్ అభ్యర్థి 500 కట్టాలి. పరీక్షకు హాజరైతే 400 వెనక్కిస్తారు, అదైనా నయం. తెలంగాణలో 2024లో టెట్‌కు ఒక పేపరైతే 1,000, రెండైతే 2,000 వసూలు చేశారు. అంతకు ముందటి ఏడాది రెండు పేపర్లూ కలిపినా 400. గొడవయ్యాక తర్వాతి టెట్‌కు 750, 1,000 చేశారు. అది కూడా ఉద్యోగానికి కాదు, అర్హతకు! డీఎస్సీకి మళ్లీ వేరే. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో 503 పోస్టులతో వచ్చింది. 2022 అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపరు లీకై రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ పెట్టింది కోర్టులో రద్దయింది. కోచింగ్ కోసం చేరిన అశోక్‌నగర్ హాస్టల్ గదికి అద్దె మాత్రం ఏ నెలా రద్దు కాలేదు.

ప్రైవేటు సంగతి చెప్పనే అక్కర్లేదు. అమీర్‌పేటలో కోర్సు ఫీజు, రెజ్యూమెలో లేని అనుభవం రాయించడానికి కన్సల్టెన్సీ ఫీజు, బ్యాక్‌డోర్ ఉద్యోగానికి లక్ష, రెండు లక్షలు. బోర్డు తిప్పేసిన కంపెనీ ముందు మాదాపూర్‌లో పిల్లలు ధర్నా చేస్తే, రెండో రోజుకు ఆ వార్త లోపలి పేజీలోకి పోతుంది. ఇన్ని చోట్ల కట్టినవాడు టెలిగ్రామ్‌లో వెయ్యి కట్టడానికి ఎందుకు జంకుతాడు?

అవతల చాట్ చేసేది ఎవరో కూడా ఓసారి ఆలోచించండి. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి, తలా లక్షన్నర దాకా తీసుకుని మన కుర్రాళ్లను కంబోడియాకు చేర్చిన ఏజెంట్ల గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అక్కడ వాళ్ల చేత చేయించింది ఇవే మోసాలు. అదే నెలలో కంబోడియాలోని సిహానౌక్‌విల్‌లో వందల మంది భారతీయులు తిరగబడ్డారు. గాజువాక కుర్రాడికి టాస్క్ ఇచ్చింది ఇంకో గాజువాక కుర్రాడే కావచ్చు. విజిట్ వీసా మీద గల్ఫ్‌కు పనికి పంపే ఏజెంట్ల సంగతి జగిత్యాల, నిజామాబాద్ పల్లెలకు ఏనాడో తెలుసు. లైసెన్సు ఉన్న ఏజెంటు సర్వీస్ ఛార్జి కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప తీసుకోకూడదని నిబంధన. ఈ-మైగ్రేట్ సైటులో ఏజెంటు లైసెన్సు చూసుకోవచ్చు. ఈ రెండు ముక్కలూ బస్టాండు గోడ మీద రాయించడానికి ఏ పంచాయతీకైనా ఎంతవుతుంది?

డబ్బు పోయిందని తెలియగానే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమంటారు. చెయ్యాల్సిందే. ఎంత త్వరగా చేస్తే అంత ఆపగలరు. కానీ ఆ డబ్బు వెళ్లేది ఆకాశంలోకి కాదు, మన ఊళ్లలోని బ్యాంకు ఖాతాల్లోకే. కమీషన్ ఆశ చూపి ఏ ఆటో డ్రైవరు పేరునో తెరిపించినవి. పూటలో లక్షలొచ్చి లక్షలు పోతుంటే బ్రాంచిలో ఎవరికీ అనుమానం రాదు. హైదరాబాద్‌లో 2024లో ఇలాంటి ఖాతాల కేసులో బ్రాంచి మేనేజరే అరెస్టయ్యాడు. అదే, రిటైరైన టీచరు ఏటా గడువులోగా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మరిచిపోతే పెన్షన్ ఠక్కున ఆగిపోతుంది. బతికే ఉన్నానని ఆయనే రుజువు చేసుకోవాలి. బ్యాంకు కంప్యూటరుకు ఆయన మీదున్న అనుమానంలో పదో వంతు ఆ ఖాతాల మీద ఎందుకు లేదో, పోయిన సొమ్ములో తన వాటా ఎంతో, ముందు బ్యాంకు చెప్పాలి. ఆ తర్వాత కావలిస్తే కుర్రాడి అత్యాశ గురించి మాట్లాడుకుందాం.