పరిస్థితి మామూలే, అంతా నాశనం!

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సిపాయిల నోట ఒక మాట పుట్టింది: స్నాఫూ. అయిదు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి కట్టిందది. బూతు తీసేస్తే అర్థం ఇదీ: ‘పరిస్థితి మామూలే, అంతా నాశనం’. పైనుంచి ఊడిపడే తలాతోకా లేని ఆర్డర్ల మీద సిపాయి వేసిన చురక. చివరికి ఆ సైన్యమే 1943 నుంచి శిక్షణ కోసం తీయించిన కార్టూన్లలో తింగరి సిపాయికి ఆ పేరే పెట్టింది.

ఆ మాట మన అనంతపురానికి అచ్చంగా అతుకుతుంది. ఇక్కడ ఏడాది వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. సగటుకు 19 శాతం అటూ ఇటూ అయినా వాతావరణ శాఖ లెక్కలో ‘సాధారణమే’. జులైలో శనక్కాయ విత్తుతాం. ఊడలు దిగే వేళకు చినుకు రాలదు. సెప్టెంబరు చివర కుండపోత. కూడితే వాన సాధారణం! చేలో చెట్టు పీకితే కాయ లేదు.

సిపాయి ‘మామూలే’ అన్నది ఎగతాళికి. మనం ‘సీమకు కరువు మామూలే’ అంటున్నది అలవాటుగా. ప్రమాదం ఈ అలవాటులోనే ఉంది. విద్యార్థులారా, ఉద్యోగులారా! కరువు మండలాల జాబితా వచ్చినప్పుడు మొత్తం వాన చూసి ఊరుకోకండి. వరసగా ఎన్ని రోజులు చినుకు లేదో, అప్పుడు పైరు ఏ దశలో ఉందో నిలదీసి అడగండి.