తాళం వేశాం.. గొళ్లెం మరిచాం!

బహదూర్‌పురాలో ఇళ్లు భుజాలు రాసుకుంటూ నిలబడతాయి. ఈ ఇంట్లో పోపు పెడితే పక్కింట్లో తుమ్ముతారు. జూపార్కుకు దగ్గర్లో, అలాంటి ఓ సందులో ఉండే మా మిత్రుడి ఇంటికి మొన్న ఆదివారం భోజనానికి వెళ్లాను. చేతులు కడుక్కున్నానో లేదో తొమ్మిదో తరగతి చదివే వాళ్లబ్బాయి ఫిర్యాదు మొదలుపెట్టాడు.

"అంకుల్, మా నెట్ మస్తు స్లో. సాయంత్రమైతే వీడియో ఆగి ఆగి వస్తది."

సరే, చూద్దామని రూటరు సెట్టింగ్స్ తెరిచాం. ఇంట్లో ఉన్నవి మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, ఒక టీవీ. నా ఫోనుతో కలిపి ఆరు. రూటరు చూపిస్తున్నవి మాత్రం పన్నెండు!

"హ్యాకర్లా అంకుల్?" అబ్బాయి కళ్లు పెద్దవయ్యాయి.

వదినగారు మాత్రం నింపాదిగా వేళ్లు మడవసాగారు. "పైన కిరాయికున్నోళ్లకు చెప్పినం అన్నయ్యా. వాళ్లు ఖాళీ చేసి ఎదురింట్లకు పోయిన్రు. పండుగకు షీర్‌ఖుర్మా తెచ్చిచ్చే పక్కింటి పిల్లలకు చెప్పినం. ఏసీ బాగుచేయనీకి వచ్చినాయన అడిగిండు, ఆయనకూ చెప్పినం.."

అదీ సంగతి! గోడ దూకిన దొంగ ఎవరూ లేడు. తాళంచెవి మనమే పంచిపెట్టాం. పుచ్చుకున్నవాళ్లు ఇంకెందరికి పంచారో మనకు తెలియదు.

'పోనిద్దురూ, కాస్త నెట్ వాడుకుంటే కొంపలేం మునుగుతాయి?' అంటారా? ఒక్కసారి 2008కి వెళ్దాం. ఆ ఏడాది జులై 26న అహ్మదాబాద్‌లో వరసగా బాంబులు పేలాయి. పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు ఒక బెదిరింపు ఈమెయిల్ అందింది. దాని ఐపీ అడ్రసు పట్టుకుని పోలీసులు వెళితే నవీ ముంబైలోని ఓ ఫ్లాటు తలుపు దగ్గర తేలారు. అందులో ఉంటున్నది ఒక అమెరికన్. ఆయన వైఫైకి సరైన రక్షణ లేదు. బయటివాళ్లు ఎవరో దాన్ని వాడుకుని మెయిల్ పంపారు. ఆయనకు కుట్రతో సంబంధం లేదని తేలింది. అయితే ఆ తేలేలోపు ప్రశ్నలు, కంప్యూటర్ల స్వాధీనం, పేపర్లలో పేరు.. అన్నీ అయిపోయాయి. మీ వైఫైతో ఎవరు ఏ పని చేసినా, బయటి ప్రపంచానికి కనబడేది మీ ఇంటి చిరునామాయే. మొదట తలుపు తట్టేది మీ ఇంటిదే.

ఈ తాళాల్లోనూ తరాలున్నాయి. 1990ల చివర్లో వచ్చిన 'వెప్' అనే తాళంలో లోపాలున్నాయని 2001లోనే బయటపడింది. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు దాన్ని నిమిషంలోపే తెరవొచ్చని చూపించారు. దాని స్థానంలో 2004లో 'డబ్ల్యూపీఏ2', 2018లో 'డబ్ల్యూపీఏ3' వచ్చాయి. ఇవి గట్టివే. కాకపోతే తాళం ఎంత గట్టిదైనా చెవిని గుమ్మం మీద పెడితే లాభమేముంది?

మా మిత్రుడి పాస్‌వర్డు ఆయన సెల్ నంబరే. 'ఎయిర్‌క్రాక్' లాంటి పరీక్ష సాధనాలు ఏం చేస్తాయో తెలుసా? ఫోను, రూటరు చేతులు కలిపే క్షణంలో గాల్లో వెళ్లే మాటను పట్టుకుని దాచుకుంటాయి. ఆ తర్వాత మీ సందులో నిలబడక్కర్లేదు. ఇంటికెళ్లి తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డు పెట్టి చూసుకోవచ్చు. మన దేశంలో సెల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి. అంటే అన్నీ కలిపి 400 కోట్లకు మించవు. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరు సెకనుకు లక్షల చొప్పున సరిచూస్తుంది. నాలుగు లక్షలనుకున్నా, మొత్తం మూడు గంటల్లోపు పని! ఇక ఎనిమిది అంకెల పుట్టినతేదీకి క్షణాలు చాలు.

అబ్బాయి హుషారుగా "పక్కోళ్లది చూద్దామా అంకుల్?" అన్నాడు. వద్దు నాయనా! ఈ సాధనాలు ఎవరి తాళాన్ని వాళ్లు పరీక్షించుకోవడానికే. ఇంకొకరి నెట్‌వర్కులోకి అనుమతి లేకుండా దురుద్దేశంతో చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ.

మరి మనం చేయాల్సిందేమిటి? దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఫోను పట్టుకుని వీధి చివరిదాకా నడవండి. మీ వైఫై పేరు ఎంతవరకు కనబడుతుందో తెలుస్తుంది. రూటరు సెట్టింగ్స్‌లో భద్రత డబ్ల్యూపీఏ2 గానీ, డబ్ల్యూపీఏ3 గానీ ఉందో లేదో చూడండి. రూటరుతో పాటు వచ్చిన 'అడ్మిన్' పాస్‌వర్డు మార్చేయండి. 'డబ్ల్యూపీఎస్' అనే సదుపాయం ఉంటే ఆపేయండి. దాని ఎనిమిదంకెల పిన్‌ను 11 వేల ప్రయత్నాల్లోపే కనుక్కోవచ్చని 2011లో తేలింది. చివరగా, పొంతన లేని నాలుగు మాటలు కలిపి పొడవాటి పాస్‌వర్డు పెట్టుకోండి. పెసరట్టు, మీరాలం, గొడుగు, తబలా.. ఇలాగన్నమాట. ఇదే పెట్టేసుకోకండి, పేపర్లో వచ్చేసింది!

అంతా సర్దాక వదినగారికి ఇంకో దిగులు పట్టుకుంది. "షీర్‌ఖుర్మా గిన్నె తెచ్చిచ్చే పిల్లలకు నెట్ లేదని ఎట్ల చెప్తం అన్నయ్యా?"

నిజమే. ఇచ్చిపుచ్చుకోవడం మానేస్తే అది బహదూర్‌పురా ఎట్లా అవుతుంది? దానికీ దారుంది. చాలా రూటర్లలో 'గెస్ట్ నెట్‌వర్క్' ఉంటుంది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డు. అందులోకి వచ్చినవాళ్లకు నెట్ అందుతుంది, మీ ల్యాప్‌టాప్, టీవీ కనబడవు. మన పాత ఇళ్లకు అరుగు ఉండేది చూడండి, అలాంటిది. కాకపోతే అరుగు కూడా మనింటిదే. అందుకని అక్కడ కూర్చునేవాళ్లు ఎవరో తెలిసి ఉండాలి, నెలకోసారి పాస్‌వర్డు మార్చాలి.

వచ్చేముందు మళ్లీ లెక్క చూశాం. ఇంట్లోవి ఐదు, అరుగు మీద రెండు. ఆ రెండూ ఎవరివో వదినగారు పేర్లతో సహా చెప్పారు.

మరి మీ ఇంట్లో ఎన్ని? ఈ పేజీ తిప్పేముందు ఒక్కసారి లెక్కపెట్టండి.