పెద్దబిడ్డ అల్లరికి దెబ్బలు మందు కాదు

బద్వేలు: పుట్టింట కాన్పు జరుపుకొని మూడో నెలనో, అయిదో నెలనో తల్లి చంటిబిడ్డతో అత్తవారింటికి తిరిగి రావడం ఈ ప్రాంతపు పల్లెల్లో నేటికీ ఉన్న ఆచారం. ఆ వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇంట్లో కొత్త రభస మొదలవడం కద్దు. రెండు, మూడేళ్ల పెద్దబిడ్డ చంటివాణ్ణి గిల్లుతాడు, కొరుకుతాడు, ఉయ్యాలను విసురుగా తోస్తాడు. "వీడికి తమ్ముడంటే గిట్టదు" అని పెద్దలు తీర్మానించి వీపు మీద నాలుగు వడ్డిస్తారు. ఆ తీర్మానమూ తప్పే, ఆ శిక్షా తప్పే.

ధ్రువుని కథ పల్లెల్లో తెలియనివారు అరుదు. ఉత్తముడు తండ్రి తొడపై కూర్చొని ఉండగా అయిదేళ్ల ధ్రువుడు తానూ ఎక్కబోయాడు. సవతితల్లి సురుచి కాదన్నది. ధ్రువుని దుఃఖం ఉత్తముడు ఉన్నందుకు కాదు, తనకు చోటు లేదన్నందుకు. పెద్దబిడ్డ బాధ కూడా సరిగ్గా ఇదే. నిన్నటిదాకా తల్లి పక్కలో పడుకున్న బిడ్డను జేజి పక్కలోకి మారుస్తారు. వేపాకు నూరి పూసి పాలు మాన్పిస్తారు. ఇవి చాలవన్నట్లు ఇరుగుపొరుగువారు "ఇంక నిన్నెవురు జూచ్చార్రా? మీయమ్మకు చిన్నోడొచ్చినాడు గదా!" అని వేళాకోళమాడతారు. పెద్దలకది నవ్వులాట, బిడ్డకు మాత్రం అది నిజం. ఈ పరిహాసాన్ని ముందుగా మాన్పించవలసి ఉన్నది.

అయితే ప్రమాదాన్ని తేలికగా తీసుకోరాదు. చంటిబిడ్డకు మెడ నిలిచేసరికి మూడు, నాలుగు నెలలు పడుతుంది. నడినెత్తిన మెత్తగా ఉండే మాడు పూడడానికి సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. తన చేతి బలమెంతో రెండేళ్ల బిడ్డకు తెలియదు. అందువల్ల బోరింగు దగ్గరకు బిందెతో వెళ్లేటంత సేపయినా ఇద్దరినీ ఒంటరిగా విడువరాదు. తలకు దెబ్బ తగిలిన చంటిబిడ్డ వాంతి చేసుకున్నా, పాలు తాగకున్నా, మగతగా పడివున్నా, ఫిట్స్ వచ్చినా పసుపు అద్ది ఊరుకోక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పెద్దబిడ్డ చెయ్యెత్తినప్పుడు ఆ చేతిని పట్టుకొని "కొట్టకూడదు" అని గట్టిగా, క్లుప్తంగా చెప్పాలి. ఆ చేతితోనే తమ్ముని పాదాలు మెల్లగా నిమిరించాలి. కొట్టవద్దని చెబుతూ కొడితే బిడ్డ నేర్చుకొనేది కొట్టడమే. "మేమంతా దెబ్బలు తిని పెరగలేదా" అనే పెద్దలున్నారు. పెరిగారు, నిజమే. కాని ఆ దెబ్బ కోపం పెద్దలు లేనప్పుడు చంటిబిడ్డ మీదనే తీరుతుందని మరువరాదు.

సాధారణంగా తల్లి దగ్గర చంటివాణ్ణి ఉంచి, పెద్దవాణ్ణి ఇతరులు ఎత్తుకుపోతారు. రోజుకొక అరగంట దీనిని తిరగవేయాలి. పాలు తాగిన చంటిబిడ్డను జేజి ఎత్తుకుంటే తల్లి ఒడి పెద్దబిడ్డకు దక్కుతుంది. తండ్రి ఊళ్లో ఉంటే సాయంత్రం పెద్దవాణ్ణి భుజాన వేసుకొని తిరగడం అతని బాధ్యత. కువైట్‌కో, బెంగుళూరుకో పోయిన తండ్రి ఫోనులో ముందుగా పెద్దబిడ్డనే పలకరించడం మంచిది. మూడేళ్లు నిండిన బిడ్డను అంగన్‌వాడీకి పంపదలిస్తే కాన్పుకు ముందే అలవాటు చేయాలి. తమ్ముడు వచ్చిన వారమే పంపితే తనను వెళ్లగొట్టారని ఆ బిడ్డ అనుకొంటాడు.

ఆసుపత్రిలో కాన్పయిన తల్లిని ఆశా కార్యకర్త 42 రోజుల్లో 6 సార్లు ఇంటికి వచ్చి చూడవలసి ఉన్నది. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మరో 5 సార్లు రావాలి. ఈ రాకల్లో చంటిబిడ్డ బరువుతోపాటు "పెద్దబిడ్డ ఎలా ఉన్నాడు?" అని కూడా విచారిస్తే ఎంతో మేలు జరుగుతుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు. ఇంటి పెద్దలు ఆలోచించాలి.